తడి పెట్టెలు, పొడి పెట్టెలు

నా పని పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది. బయట గదిలో చెప్పులు విడిచి, ఇంటి బట్టలు మార్చి, మెడ నుంచి మడమ దాకా మూసే తెల్ల కోటు వేసుకుని, తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు తొడుక్కుని లోపలికి పోతాను. లోపల అరల మీద వరసగా పెట్టెలు ఉంటాయి. చెప్పుల డబ్బా కంటే కొంచెం పెద్దవి, లోపలిది కనిపించే గట్టి ప్లాస్టిక్కువి. ఒక్కో పెట్టెలో నాలుగైదు తెల్ల ఎలికలు. ఒక్కో పెట్టెనూ పైకెత్తి అడుగు చూస్తాను. కింద పరిచిన మొక్కజొన్న బెండు పొడి ఆరి ఉంటే పక్కన పెడతాను. తడిసి ముద్దయి ఉంటే నంబరు రాసుకుంటాను. ఆరేండ్లుగా ఇదే పని.

ఆ ఎలికల జాతికి పేరు మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఎన్.ఓ.డి. వాటికి ఎవరూ ఏమీ చేయకుండానే షుగర్ వస్తుంది. తిండి ఎక్కువై వచ్చేది కాదు, లావెక్కి వచ్చేది కాదు. చిన్నపిల్లలకు వచ్చే టైప్ వన్ రకం. ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలు ఇన్సులిన్ తయారుచేసే కణాలనే పగవాళ్ళనుకుని తినేస్తాయి. పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలవుతుంది, మొగవాటి కంటే ఆడవాటికి ఎక్కువ. వచ్చిన ఎలిక నీళ్ళు తాగుతూనే ఉంటుంది, ఉచ్చ పోస్తూనే ఉంటుంది. తోక కొసన గుచ్చి ఒక చుక్క రక్తం మీటరులో పెట్టి చూసేది తరువాత. ముందు చెప్పేది పెట్టె అడుగే.

నాతో పనిచేసే పెద్దాయన ఈ విషయంలో నాకంటే గట్టివాడు. అడుగు చూడకుండానే, చేతిలో పెట్టె బరువు ఆన్చి చెప్పేస్తాడు. చేరిన మొదటి నెలలో ఒక రోజు ఆయన ఒక పెట్టె నా చేతికిచ్చి, "చూడమ్మా, నిన్న మార్చిన పొడి. పొద్దుటికి తడిసి ముద్దయింది. దీనికి వచ్చేసినట్టే," అన్నాడు.

నేను పెట్టె పట్టుకుని నిలబడిపోయినాను. నాకు మా ఇంటి చాప గుర్తొచ్చింది.

నా చెల్లెలికి అప్పుడు తొమ్మిదేండ్లు, నాకు పదమూడు. ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. ఉన్నట్టుండి ఆ పిల్ల రోజూ చాప తడిపేది మొదలుపెట్టింది. ఇంత పెద్ద పిల్లవు, సిగ్గు లేదా అని అమ్మ రెండు సార్లు కొట్టింది. పొద్దు వాలినాక నీళ్ళు ఇవ్వద్దని నాకు చెప్పింది. నేను చెంబు దాచిపెట్టినాను. చెల్లెలు పెరట్లోకి పోయి బట్టలుతికే తొట్టిలో నోరు పెట్టి తాగింది. నేను చూసి అమ్మకు చెప్పినాను. బాత్రూంలో చీమలు బారులు కట్టినాయి, చక్కెర ఎవరు పోసినారని అమ్మ అడిగింది. పది రోజులకు ఆ పిల్ల ఊపిరి బుస్సుమని తీస్తూ కళ్ళు తేలేస్తే మదురై ఆసుపత్రికి తీసుకుపోయినారు. బతికింది. ఆనాటి నుంచి సూది. అమ్మ పోయే దాకా ఆ రెండు దెబ్బల మాట ఎత్తుతూనే ఉండేది. నేను దాచిన చెంబు మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు చెల్లెలికి ముప్పై రెండు. మేమిద్దరమే ఒక ఇంట్లో ఉంటాము. ఆమె సర్జికల్ గుడ్డ యూనిట్లో గాజ్ గుడ్డ మడత పెట్టి ప్యాక్ చేసే పనికి పోతుంది. ఆసుపత్రులకు పోయే కట్ల గుడ్డ. చేతులు వేగం.

నేను కాలేజీలో జువాలజీ చదివి, తొమ్మిదేండ్లు ఒక నూలు మిల్లు టెస్టింగ్ రూంలో ఉన్నాను. దారం బలం ఎంత, మందం ఎంత అని యంత్రానికి పెట్టి చూసే పని. ఆ మిల్లులో ఒక యూనిట్ మూసేసినారు. ముదలాళి, అంటే మిల్లు యజమాని, ఆయన అన్న కూతురు బయట ఊర్లలో చాలా ఏండ్లు ఈ ఎలికల మీద చదువు చదివి తిరిగి వచ్చినారు. ఖాళీగా పడి ఉన్న ఆ యూనిట్‌లో ఒక పక్క తీసుకుని ఎలికల ఇల్లు కట్టించినారు. జువాలజీ చదివిన అమ్మాయి టెస్టింగ్ రూంలో ఉందని ఎవరో చెప్తే నన్ను పిలిచినారు. పెద్దాయనను ఆమె వెతికి మరీ తీసుకున్నారు. ఆయన మంసాపురం మనిషి, సొంతం కొంచెం చేను ఉంది. ముప్పై ఏండ్లు మిల్లులో గాలికి తేమ పట్టించే యంత్రం దగ్గర పనిచేసినాడు. గాలి ఆరితే నూలు తెగిపోతుంది కాబట్టి ఆ గదిలో తేమ ఇంత, వేడి ఇంత అని నిలబెట్టాలి. ఎలికలకూ అదే కావాలి. "నూలుకు చేసిందే ఈటికీ చేస్తాన్నాను. నూలు చావదు, అంతే తేడా," అనేవాడు.

మేడం అని పిలుస్తాము ఆమెను. యాభై దాటినారు. గట్టిగా మాట్లాడరు. ఇంట్లో మాదిరే మదురై పక్క మా ఊరి తెలుగులో మాట్లాడతారు, మధ్యలో తమిళం, ఇంగ్లీషు వచ్చి పడతాయి.

చేరిన కొత్తలో ఆమెను ఒక మాట అడిగినాను.

"మేడం, ఒకే అమ్మకు పుట్టినాము. ఒకే తిండి తిన్నాము. అది తడిపిన చాప మీదే నేనూ పడుకున్నాను. దానికి వచ్చింది, నాకెందుకు రాలేదు?"

ఆమె రాసేది ఆపి నన్ను చూసినారు. "తెలీదమ్మా. నీ ఒంటి జీన్లలో ఏదో ఒక ముక్క అడ్డం నిలబడి ఉండొచ్చు. ఉత్త అదృష్టం అయినా అయ్యుండొచ్చు. తెలిస్తే ఈ పెట్టెలన్నీ ఎందుకు?"

అడ్డం నిలబడే ఆ ముక్క కోసమే ఇదంతా. కొన్ని జాతుల ఎలికలకు ఈ షుగర్ రాదు. అట్లాంటి ఒక నల్ల ఎలికను తెచ్చి తెల్ల ఎన్.ఓ.డి.తో కలుపుతాము. పుట్టినవి నల్లగా ఉండవు, తెల్లగా ఉండవు, పొలం ఎలిక రంగులో పుడతాయి. వాటిని మళ్ళీ తెల్లవాటితో కలుపుతాము. పుట్టినవాటికి తోక కొస గోరంత కత్తిరించి, మనకు కావలసిన ముక్క ఏ పిల్లలో ఉందో జీన్ పరీక్షలో చూసి, ఉన్నవాటిని మాత్రం ఉంచుకుంటాము. వాటిని మళ్ళీ తెల్లవాటితో. ఇట్లా పది తరాలు. పోను పోను నల్ల ఎలికది అంతా పోయి, ఆ ఒక్క ముక్క మిగులుతుంది. చూసేదానికి రెండూ తెల్ల ఎలికలే. ఒక దాంట్లో ముక్క ఉంటుంది, ఒక దాంట్లో ఉండదు. అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెంచి, ఏది తడుపుతుంది, ఏది తడపదు అని చూడాలి. ఒక తరానికి మూడు నెలలు. ఏమీ తప్పు జరగకుండా ఉంటే మూడేండ్ల పని.

ఎనిమిదో తరం దాకా వచ్చినాము. పది దాకా ఆగకుండా మేడం ఆరో తరం ఆడవాటిని కొన్నింటిని పక్కకు తీసి చూస్తూ వచ్చినారు. ముక్క ఉన్న పెట్టెలు పొడిగా ఉన్నాయి. నాలుగో నెల, ఐదో నెల, ఆరో నెల. మేడం రోజూ వచ్చి అరల ముందు నిలబడేవారు. ఆమె మొహంలో సంతోషం అంతకు ముందు నేను చూడలేదు. ఒక రోజు మా ఇద్దరికీ చోళపురం నుంచి తెచ్చిన మామిడి పండ్లు ఇచ్చినారు.

ఆ నెలల్లో నాకు పని కూడా తగ్గింది. కడగాల్సిన పెట్టెలు తగ్గినాయి, మార్చాల్సిన పొడి తగ్గింది. నడుము నొప్పి కొంచెం నెమ్మదించింది. పని ఎందుకు తగ్గిందని నేను ఆలోచించలేదు. అలిసిపోయిన మనిషికి పని తగ్గితే కారణం వెతకబుద్ధి కాదు.

వెతికింది పెద్దాయన. ఒక మధ్యాన్నం టీ తాగుతూ, "అమ్మా, ఒక మాట. ముక్క ఉన్నవి తడపలేదు, సరి. ముక్క లేనివి ఎందుకు తడపలేదు?" అన్నాడు.

"అవి కొన్ని తడుపుతున్నాయి కదన్నా."

"పోయిన ఏడు ఈ వయసుకు సగానికి మించి తడిపినాయి. ఇప్పుడు రెండు మూడు పెట్టెలే. నా చేతికి బరువు తెలియదా?"

రిజిస్టరు తీసి వెనక పేజీలు తిప్పినాను. ఆయన చెప్పింది నిజమే. వట్టి ఎన్.ఓ.డి.లు, షుగర్ రావలసినవి, రాకుండా ఉన్నాయి. నాకు ముందు అర్థం కాలేదు. రాకపోతే మంచిదే కదా అనిపించింది ఒక క్షణం. ఆ తరువాత, వట్టివాటికే రాకపోతే ముక్క ఆపిందని చెప్పేదెట్లా అని తోచింది.

మేడం దగ్గరికి రిజిస్టరు తీసుకుపోయినాను. ఆమె రెండు పేజీలు చూసి అద్దాలు తీసేసినారు.

"కూర్చో," అన్నారు. "నీకు చెప్పినానా, ఈ జాతిని ఎందుకు ఇంత సుద్దంగా పెంచుతామో?"

"జబ్బులు రాకుండా."

"అది ఒకటి. ఇంకొకటి ఉంది. ఈ ఎలికలను మురికిలో పెంచితే వీటికి షుగర్ రాదు. బయట నుంచి ఏదైనా వైరసో పురుగో వస్తే, ఒంటి కాపలా వాటి మీద పడుతుంది, ఇన్సులిన్ కణాలను వదిలేస్తుంది. లోపలికి ఏదో వచ్చినట్టుంది."

ప్రతి అరకూ కింద రెండు కావలి పెట్టెలు పెడతాము. మిగతా పెట్టెల మురికి పొడి కొంచెం కొంచెం వాటిలో వేస్తూ ఉంటాము, గదిలో ఏ రోగం తిరిగినా వాటికి తగలాలని. ఆ పెట్టెల్లో ఉండే కావలి ఎలికల రక్తం తీసి బయటి ల్యాబుకు పంపినాము. అంతకు ముందు పంపిన సారి ఏమీ లేదని వచ్చింది. ఈసారి పది రోజులకు జవాబు వచ్చింది. పొలం ఎలికల్లో తిరిగే ఒక వైరస్, మూడు అరలకూ తగిలి ఉంది. ఎలికలు చూసేదానికి బాగానే ఉన్నాయి. తుమ్ము లేదు, దగ్గు లేదు, తిండి తింటున్నాయి.

ఎట్లా వచ్చింది అని మేడం మమ్మల్ని అడగలేదు. అడిగి ఉంటే సులభంగా ఉండేది. నాకు ఆ కాగితం చూసిన నిమిషమే ఒక రోజు గుర్తొచ్చింది.

దానికి ముందు వేసవిలో. పెద్దాయన ఆ రోజు సెలవు. కింద పరిచే బెండు పొడి మూటలు మిల్లు పాత గోడౌన్‌లో పెడతారు. అక్కడ పొలం ఎలికలు తిరుగుతాయి, అది అందరికీ తెలుసు. అందుకే ప్రతి మూటనూ ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికించి కానీ లోపలికి తీసుకురాము. మూటకు ఒక టేపు అంటిస్తాము. లోపల వేడి సరిగా పట్టితే ఆ టేపు మీది గీతలు నల్లగా మారతాయి. ఆ రోజు యంత్రం తిరుగుతూ ఉండగా చెల్లెలు పనిచేసే యూనిట్ నుంచి ఫోన్ వచ్చింది. గుడ్డ మడుస్తూ పడిపోయింది, మాట్లాడటం లేదు, రండి అన్నారు. షుగర్ దిగిపోయి ఉంటుందని తెలుసు. నోట్లో చక్కెర పెట్టండి అని చెప్పి, బండి తీసుకుని పోయినాను. పోయేటప్పటికి లేచి కూర్చుని ఉంది, చెంప మీద నేల మట్టి అంటుకుని. "అన్నం తినేదానికి ఐదు నిమిషాలు ఉండాది అనుకున్నాను అక్కా," అంది. అన్నం తినిపించి, మళ్ళీ మీటరు పెట్టి చూసి, ఇంటి దగ్గర దింపి తిరిగి వచ్చినాను.

మధ్యలో కరెంటు పోయి వచ్చింది. యంత్రం ఆగి ఉంది. తలుపు తీస్తే ఆవిరి కొట్టింది, మూటలు చేతికి వేడిగానే తగిలినాయి. టేపు చూసినాను. గీతలు నల్లగా లేవు, టీ రంగులో ఉన్నాయి. మళ్ళీ పెడితే ఇంకో గంటన్నర. పెట్టెలు మార్చే పని అంతా అట్లాగే ఉంది. ఇంట్లో చెల్లెలు ఒక్కతే ఉంది. ఇది చాలులే అనుకున్నాను. రిజిస్టరులో "సరి" అని రాసి సంతకం పెట్టినాను.

ఇంత పెద్ద మిల్లు, ఇంత గాలి, ఇంత ధూళి. ఆ మూటలే కారణం అని ఎవరు చెప్పగలరు? నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. చెంబు దాచినప్పుడు నాకు పదమూడేండ్లు, తెలియదు. ఇప్పుడు టేపు రంగు నాకు తెలుసు.

మూడో రోజు మేడం గదికి పోయి నిలబడే చెప్పినాను. మొదటి నుంచి చివర దాకా. అయినాక, "ఏ తారీకు?" అని అడిగినారు. చెప్పినాను. రాసుకున్నారు.

"అదే అయ్యుండొచ్చు," అన్నారు. "కాకపోయినా ఉండొచ్చు. తెలుసుకునే దారి లేదు. రిపోర్టులో ఇది రాయాలి, నీ పేరు లేకుండా రాస్తాను, కానీ రాయాలి."

"నేను మానేస్తాను మేడం."

"మానేసి?"

అంత దాకా ఆలోచించలేదని చెప్పినాను.

"వైరస్ తగిలినాక ఇవి లెక్కకు పనికిరావు, ఇన్ని ఎలికలను ముగించాలి. గదులు కడగాలి, పొగ పెట్టాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఇదంతా ఎవరు చేస్తారు? నువ్వు పోతే నీకు నెమ్మదిగా ఉంటుంది. నాకు పని పెరుగుతుంది." కలం మూత పెట్టి, "నాకు కోపం ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. దానికి నువ్వు ఏమీ చేయలేవు," అన్నారు.

ఆమె మాట తప్పలేదు. కొన్ని నెలలు నాతో పని చెప్పేది తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ముగించేదానికి మూడు రోజులు పట్టింది. పెట్టెను పెట్టెగా గాజు తొట్టిలో పెట్టి, మూత వేసి, గ్యాసు నెమ్మదిగా వదలాలి. తొందరపడి ఒక్కసారిగా వదిలితే వాటికి నొప్పి. కాబట్టి ఒక్కో సారికీ నిలబడి చూస్తూ ఉండాలి. ముందు మూతులు పైకెత్తి వాసన చూస్తాయి, తరువాత ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. కడుపుతో ఉన్నవి ఉన్నాయి, కళ్ళు తెరవని పిల్లలు ఉన్నాయి. షుగర్ వచ్చినవాటిని ముగించేది నాకు అలవాటే. ఇవి బాగున్నవి. నేను ఉచ్చ తడి చూసి చూసి అలిసిపోయిన చోట, పొడిగా, నిండుగా, బొద్దుగా ఉన్నవి. ప్రతి పెట్టెకూ చీటీ తీసి, నంబరు చూసి, గీత కొట్టినాను. పెద్దాయన పెట్టెలు అందించినాడు. మొదటి రోజు మధ్యాన్నం ఆయన టిఫన్ క్యారియరు విప్పి, మళ్ళీ మూసేసినాడు. రెండో రోజు తేనేలేదు. మూడో రోజు చివరి అర ఖాళీ అయినాక చేతులు కడుక్కుంటూ, "మిల్లు మూసిన రోజు కూడా ఇట్లాగే ఉండె. యంత్రాలు ఆగితే చెవులు గుయ్యిమన్నాయి," అన్నాడు. గదిలో నిజంగానే ఏ సద్దూ లేదు. మూడు అరల ఎలికలు గీరే సద్దు ఎంత ఉండేదో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి స్నానం చేసినాక కూడా చేతుల వాసన పోలేదనిపించింది. చెల్లెలు వంట చేసి పెట్టింది. సూది వేసుకుంటూ, "ఎందుకట్లా ఉండావు?" అని అడిగింది. చెప్పినాను. వైరస్ గురించి చెప్పినాను. మూటల గురించి చెప్పినాను, ఏ రోజో చెప్పలేదు. ఆమెకు తెలివి ఎక్కువ.

"నేను పడిపోయిన రోజా?"

నేను తల ఊపినాను.

"సరి," అంది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. షుగర్ వచ్చిన ఎలికలకు ఇన్సులిన్ ఇస్తామని చెప్పినావు కదా ఎప్పుడో. ఇస్తారా?"

ఆరేండ్లలో నేను ఆమెతో ఆడిన అబద్ధం అదొకటే. "కొన్నింటికి, అవసరం ఉంటే, కొన్నాళ్ళు ఇస్తాము. చాలావాటికి ఇవ్వము. మీటరులో రెండు సార్లు వరసగా రెండువందల యాభై దాటితే ముగిస్తాము. వదిలితే ఎండిపోయి బాధపడి చస్తాయి."

ఆమె సూది మూత పెట్టి డబ్బాలో వేసింది. "ఇరవై ఏండ్లలో నాకు ఎన్నిసార్లు దాటిందో," అంది. నవ్వలేదు, ఏడవలేదు. తరువాత, "మురికిలో పెరిగితే రాదంటివే. అమ్మ మనల్ని మరీ సుద్దంగా పెంచిందేమో," అంది.

"మనుషులకు అది అంత నేరుగా లేదంట. మేడం చెప్పినారు."

"మేడం చెప్తే సరే," అని కంచాలు పెట్టింది. ఆ రోజు ఆమె నాకు అన్నం కొంచెం ఎక్కువే పెట్టింది. తినలేక తిన్నాను.

గదులు కడిగేదానికి, పొగ పెట్టేదానికి, గోడల పగుళ్ళు పూడ్చేదానికి రెండు నెలలు. పెద్దాయన గోడౌన్ దారంతా తిరిగి, వేలు పట్టే సందు కూడా లేకుండా సిమెంటు పట్టించినాడు. టేపు చూసి ఇద్దరు సంతకం పెట్టాలని మేడం కొత్తగా పెట్టినారు. ఆ రెండో సంతకం కోసం నేను ప్రతి సారీ ఒకరిని పిలవాలి. పిలిచిన ప్రతిసారీ అది ఎందుకు వచ్చిందో నాకు గుర్తొస్తుంది. అది సరైనదే.

అంతా మొదటి నుంచి చేయాల్సి వస్తుందని నేను అనుకున్నాను. కానీ ఐదో తరంలో మేడం కొన్ని జతలను వేరే ఊరిలో ఉన్న స్నేహితురాలి ల్యాబుకు పంపి ఉన్నారంట, ఏదైనా అయితే చేతిలో ఉంటుందని. వాటి పిల్లలు అక్కడ బాగున్నాయి. గాలి వడపోసే డబ్బాల్లో, ఏసీ వ్యానులో, ఒక పొద్దున వచ్చినాయి. డబ్బా విప్పితే ఆరు జతలు, దారి పొడుగునా కదిలి కదిలి అలిసి, ఒక మూలకు నక్కి ఉన్నాయి. మేడం వంగి చూసి, "మూడు తరాలు పోయినాయి. ఐదు మిగిలినాయి," అన్నారు. పని చెప్పేది కాకుండా ఆమె నాతో అన్న మాట, ఇన్ని నెలల తరువాత, అదే మొదటిది.

ఆరో తరం, ఏడో తరం. ఉక్క కాలం పోయి ఐప్పశి నెల వానలు వచ్చినాయి, మళ్ళీ ఉక్క వచ్చింది. నా నడుము నొప్పి మళ్ళీ మొదలయింది. పెద్దాయన కుడి కంటికి ఆపరేషను అయింది, నెల రోజులు ఒక్కదాన్నే చేసినాను. కొత్తగా తెచ్చిన వట్టి ఎన్.ఓ.డి. పెట్టెల్లో మొదటిది తడిసిన రోజు నేను పెట్టె ఎత్తి పట్టుకుని, "తడిసింది మేడం," అని చెప్పినాను. మా ముగ్గురికీ ఊపిరి వచ్చినట్టయింది. ఒక ఎలికకు షుగర్ వస్తే ఊపిరి పీల్చుకున్న మనుషులం మేము. చెల్లెలికి ఆ మాట చెప్పలేదు.

పదో తరం అయ్యేసరికి నేను అనుకున్న దానికంటే ఒక ఏడాది ఎక్కువ పట్టింది. ముక్క ఉన్నవి, ముక్క లేనివి, పక్కపక్కన పెట్టి ఏడు నెలలు చూసినాము. వట్టివి ఒకటొకటిగా తడుపుతూ వచ్చినాయి. ముక్క ఉన్నవి పొడిగా ఉన్నాయి. కానీ ఈసారి మామిడి పండ్లు రాలేదు, మేడం ఆగుదాం అన్నారు. ఆగితే వాటిలోనూ కొన్ని తడపడం మొదలుపెట్టినాయి. వట్టివాటి కంటే తక్కువ, వాటి కంటే ఆలస్యంగా. కొన్ని చివర దాకా తడపనే లేదు.

"ఇదేనా మేడం?" అని అడిగినాను.

"ఇదే. ఈ ముక్క ఒక్కటే ఆపలేదు. కొంచెం అడ్డం పడుతుంది, ఆలస్యం చేస్తుంది. ఇట్లాంటి ముక్కలు ఇంకా చాలా ఉన్నాయి. ఈ ముక్కలో కూడా పని చేసేది ఏ మూలో ఇంకా తెలియదు. దీన్ని ఇంకా చిన్న చిన్న తుంటలు చేసి చూడాలి." ఆమె అద్దాలు తుడుచుకున్నారు. "నా చేతిలో అయ్యేది కాదేమో. పరవాలేదు. రాసి పెడితే వేరేవాళ్ళు పట్టుకుంటారు."

ఆమె మొహంలో సంతోషం లేదు, దుఃఖం కూడా లేదు. పొద్దంతా నిలబడి షిఫ్టు ముగించిన మనిషి మొహం మాదిరి ఉంది. నాకు ఆ మొహం బాగా తెలుసు. మిల్లు గేటు దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం చెల్లెలు వాకిట్లో కూర్చుని మల్లెపూలు కడుతూ ఉంది. మా ఊరిలో ఏ ఆడదాని చేతులూ ఊరికే ఉండవు. పక్కన కూర్చుని చెప్పినాను. ముక్క దొరికింది, పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది అని.

"ఎంత ఆలస్యం?"

"ఎలికలకు కొన్ని వారాలు."

"మనిషికి అయితే?"

"తెలీదు. మనిషి వేరే, ఎలిక వేరే."

ఆమె రెండు పూలు పెట్టి ముడి వేసింది. తరువాత ఇంకో రెండు. "నాకు ఒక తొమ్మిదేండ్లు ఆలస్యమై ఉంటే," అంది, "ప్లస్ టూ ముగించి ఉంటాను. పరీక్ష రోజు పడిపోయి ఉండను. అమ్మ కూడా కొట్టి ఉండదు, అంత పెద్ద పిల్లను."

ఆ మాటకు నేను అప్పుడు చెప్పినాను, చెంబు దాచింది నేనేనని, తొట్టిలో తాగితే చెప్పింది నేనేనని. ఇన్నేండ్ల తరువాత.

"తెలుసు," అంది చెల్లెలు. "బియ్యం డ్రమ్ము వెనక పెట్టినావు. నాకు చెయ్యి అందలేదు." పూల దండ కొలిచి చూసి, దారం పళ్ళతో తెంపింది. "అయినా అప్పుడు నీకేం తెలుసు. టైమైంది, నేను సూది వేసుకోవాలి. నువ్వు అన్నం పెట్టు."

నేను లేచి లోపలికి పోయి అన్నం పెట్టినాను.